చెన్నై నుంచి హావ్‌లాక్‌కి మకాం: మూడేళ్ల పాపతో కుదురుతుందా?

కొళత్తూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నై వచ్చి కొళత్తూరులో ఉంటున్నాం. మావారు ఒక రిసార్టు కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఇన్నాళ్లూ ఈసీఆర్‌లో (చెన్నై నుంచి సముద్రం పక్కనే వెళ్లే రోడ్డు) ఉన్న వాళ్ల రిసార్టులో చేశారు. ఇప్పుడు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తావా అని అడుగుతున్నారు. జీతం పెంచుతారట, ఇంటద్దె వాళ్లే ఇస్తారట, కనీసం రెండేళ్లు ఉండాలట. స్టాఫ్ క్వార్టర్స్ ఒంటరిగా వచ్చే మగవాళ్లకే. ఫ్యామిలీతో వెళ్తే బయట ఇల్లు చూసుకోవాలి.

మా పాపకి మూడేళ్లు. వానాకాలం వచ్చిందంటే దానికి పిల్లికూతలు మొదలు. ఇంట్లో మందుని ఆవిరిలా పట్టే నెబ్యులైజర్ పెట్టుకున్నాం. నేను ఇంటి నుంచే నాలుగైదు చిన్న కంపెనీల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తాను. పదకొండో తారీఖు, ఇరవయ్యో తారీఖు నెట్ లేకపోతే నా పని గోవిందా.

మా అత్తగారు సునామీ పేరెత్తి ఒకటే కన్నీళ్లు. మా అమ్మకేమో అక్కడ మినప్పప్పు దొరుకుతుందా అన్నదొక్కటే బెంగ. యూట్యూబ్‌లో వెతికితే నీలం నీళ్లు, ఉయ్యాల, హనీమూన్ జంటలు. అక్కడ కాపురం చేస్తూ పొద్దున్నే పిల్లకి టిఫిన్ పెట్టే మనిషి వీడియో ఒక్కటీ కనబడలేదు.

ఎవరైనా నిజంగా అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. డాక్టరు, బడి, నెట్, తిండి సంగతులు కావాలి. ఇంకొకటి, ఆయన పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. నాకు పిచ్చెక్కకుండా ఉంటుందా?

అన్నానగర్ అబ్బాయి:

అక్కా, ఇంక ఆలోచించకండి, ఎగిరి గంతేయండి! మొన్న ఫ్రెండ్స్‌తో వెళ్లొచ్చాం. రాధానగర్ బీచ్ చూశాక మెరీనాకి వెళ్లబుద్ధి కావట్లేదు. ట్రాఫిక్ లేదు, హారన్ లేదు, గాలి ఎంత బావుందో. స్వర్గం. అలాంటి చోట ఊరికే ఇల్లిచ్చి ఉండమంటే నేనైతే ఈ రాత్రే పెట్టె సర్దేస్తాను.

ఉప్పుగాలి:

కోడలుగారూ, మేము హావ్‌లాక్‌లో కొన్నేళ్లు కాపురం చేసి వచ్చాం. మావారు అక్కడ పడవల ఇంజన్లు చూసేవారు. వెళ్లేనాటికి మావాడు మీ పాపకన్నా చిన్నవాడు. ఇప్పుడు మడిపాక్కంలో ఉంటున్నాం. పై తమ్ముడు చెప్పిన స్వర్గం నిజమే. కాకపోతే ఆ స్వర్గంలో గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుందో ఎవరినడిగినా చెప్పరు.

2018 డిసెంబరులో హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ని కూడా 2024లో శ్రీ విజయ పురం చేశారు. టికెట్లు బుక్ చేసేటప్పుడు కొత్త పేర్లు కనబడితే కంగారు పడకండి. జనం నోట్లో పాతవే ఉన్నాయి.

అక్కడ ఏ పనైనా పడవని బట్టే. ఉల్లిపాయలు, పాలపొడి, కొరియర్, సెలవుకి వెళ్లిన టీచరమ్మ, అన్నీ పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలోనే రావాలి. ప్రైవేటు స్పీడు పడవలు గంటన్నర, రెండు గంటల్లో తెచ్చేస్తాయి, ప్రభుత్వ పడవ ఇంకాస్త నెమ్మది. సముద్రం బాగున్నన్నాళ్లూ ఇది మీకు గుర్తు కూడా రాదు. గాలి లేచిందంటే మాత్రం సర్వీసులు ఆపేస్తారు. అప్పుడు డబ్బున్నా, పలుకుబడి ఉన్నా చేసేదేం లేదు. 2016 డిసెంబరు తుపానుకి హావ్‌లాక్‌లో, పక్కనున్న నీల్ దీవిలో వందలమంది టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వచ్చి తీసుకెళ్లాయి. టూరిస్టుల్ని తీసుకెళ్తారు సరే, కాపురం ఉండేవాళ్లం అక్కడే ఉంటాం కదా. అందుకని బియ్యం, పప్పు, పాలపొడి, పిల్ల మందులు, కొవ్వొత్తులు రెండు వారాలకి సరిపడా ఇంట్లో ఉండాల్సిందే. వారానికోసారి డీమార్ట్‌కి వెళ్లే అలవాటు అక్కడ పనికిరాదు.

కూరగాయలకి మీ అమ్మగారు అనుకుంటున్నంత కరువేమీ లేదు. హావ్‌లాక్‌లోనూ కొంత పండుతుంది, నీల్‌లో ఇంకా బాగా పండుతుంది. వంకాయ, కాకర, బీర, తోటకూర ఎప్పుడూ ఉండేవి. ఉల్లి, బంగాళాదుంప, పప్పులు మాత్రం ఇటు నుంచి ఓడ మీద రావాల్సిందే కాబట్టి ఓడ ఆలస్యమైతే ధర ఎగురుతుంది. చేపలు తినేవాళ్లయితే మీకు పండగే. ఇక్కడ మనం వంజరం కొనాలంటే నెలాఖరు చూసుకుంటాం కదా, అక్కడ పొద్దున్నే దిగిన చేపని కొట్టువాడు మన కళ్లముందే కోసిస్తాడు. మినప్పప్పు కొట్లో ఉండేది గానీ కొన్నిసార్లు పాతబడి ముక్కవాసన వేసేది. నేను మంచి పప్పు ఇక్కడి నుంచే తీసుకెళ్లేదాన్ని.

ఇంటి సంగతి జాగ్రత్తగా వినండి. మీ ఆయన ముందుగా వెళ్లి సముద్రం కనబడే ఇల్లు చూసి మురిసిపోతారు. మగవాళ్లంతా అంతే. వద్దని చెప్పండి. జెట్టీ దగ్గర గోవింద్‌నగర్ బజారు ఉంది, అక్కడో, కాస్త ఇవతల విజయ్‌నగర్ వైపో రోడ్డు పక్కన, నలుగురు మనుషులు మసిలే చోట తీసుకోండి. రాధానగర్ జెట్టీకి పది పన్నెండు కిలోమీటర్లు. సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక పిల్లతో అక్కడ ఒక్కరే ఉండటం మీ వల్ల కాదు. పైగా ఒడ్డున ఇల్లంటే ఉప్పుగాలి. మా మిక్సీ అడుగున స్క్రూలు తుప్పు పట్టి రాలిపోయాయి. సైకిల్ గొలుసు, తాళంకప్ప, కుక్కర్ పిడి మేకు, ఇనుమన్నది ఏదీ మిగలదు. ఒడ్డున శాండ్‌ఫ్లైలు (ఇసుక ఈగలు) కూడా ఎక్కువ. కంటికి ఆనవు, కుట్టినప్పుడు తెలియదు, రాత్రికి దురద మొదలై వారం దాకా వదలదు. పొద్దునా సాయంత్రం ఇసుకలో పిల్లని కూర్చోబెట్టకండి. కూర్చోబెడితే నిండుగా ప్యాంటు వేసి, పాదాలకి కొబ్బరినూనె దట్టంగా రాయండి.

ఇక చెమ్మ. చెన్నైలో ఏడాదికి ఇంచుమించు 1,400 మిల్లీమీటర్ల వాన పడితేనే మనం వేళచ్చేరి మునిగిందని గోల పెడతాం. అక్కడ 3,000 దాకా పడుతుంది. మే మూడో వారంలో మొదలైన వాన నైరుతి అయిపోయాక ఈశాన్యంలోనూ కొనసాగుతుంది. ఆ నెలల్లో బట్టలు ఆరవు. ఆరినట్టే ఉంటాయి, మడతపెట్టి బీరువాలో పెడితే మూడోనాటికి వాసన. తోలు బెల్టు మీద బూజు ఆకుపచ్చగా, మెత్తగా, చేత్తో నిమిరేంత ఎత్తు పెరుగుతుంది. పట్టుచీరలు అమ్మగారింట్లో ఉంచి వెళ్లండి, పెళ్లి ఆల్బం కూడా. అగరొత్తులు వెలగవు, అగ్గిపుల్లలు గీస్తే మందు ఊడొస్తుంది, అందుకని లైటర్ కొనుక్కోండి. అప్పడాలు, వడియాలు గాలి చొరని డబ్బాల్లో పెట్టాలి. ఆవకాయ పెద్ద జాడీలో తీసుకెళ్లొద్దు. చిన్న చిన్న సీసాల్లో సర్ది, పైన రెండు వేళ్ల మందం నూనె నిలబడేలా పోసి, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి తెరవాలి. అక్కడ గాలికే తడి ఉంటుంది, గరిటె పొడిగా ఉంటే సరిపోదు.

ఇంకో వింత, వెలుతురు. చెన్నైకన్నా దీవి చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇక్కడికంటే ఇంచుమించు యాభై నిమిషాల ముందే తెల్లారుతుంది, పొద్దుగూకడం కూడా అంతే. నవంబరులో సాయంత్రం ఐదింటికల్లా చీకటి. మొదట్లో దిగులు దిగులుగా ఉండేది. తర్వాత మావాడు ఏడింటికే నిద్రపోయి అయిదింటికే లేవడం మొదలుపెట్టాడు, ఊరంతా అదే వరస కాబట్టి నాకూ అలవాటైపోయింది. మీ రిటర్నుల పని పొద్దున్నే, పాప లేవకముందే చేసుకోవచ్చు.

సముద్రం దగ్గరే ఉంది కదా అని ఎప్పుడు పడితే అప్పుడు దిగలేం. గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు ఆటు వేళ నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, కోసుకునే చచ్చిన పగడపు రాళ్లు పైకి తేలతాయి. పోటు వేళే పిల్లల్ని ఆడించాలి. ఆ వేళ రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టు పిల్లాడి స్నానానికి వేళ చూసుకునేదాన్ని. వాగులు సముద్రంలో కలిసే చోట్లకీ, మడ చెట్ల దగ్గరికీ మాత్రం పోటైనా ఆటైనా వెళ్లొద్దు. ఉప్పునీటి మొసళ్లున్నాయి. రాధానగర్ పక్కనే నీల్స్ కోవ్ దగ్గర 2010లో ఒక అమెరికన్ టూరిస్టుని మొసలి చంపేసింది. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి, ఆయన ఈల వేస్తే వాదించకండి. పాప గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకుంటానంటే అక్కడే ఆడుకుని అక్కడే వదిలేయమనండి. పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. విమానాశ్రయంలో పెట్టె తెరిచి తీసేస్తారు, అప్పుడు పిల్ల ఏడుపు మీరే భరించాలి.

పిచ్చెక్కుతుందా అని చివర్లో అడిగారు. నన్నడిగితే అసలు ప్రశ్న అదే, డాక్టరూ నెట్టూ దాని తర్వాతే. ఆయనకి రిసార్టులో వందమంది ఉంటారు, క్యాంటీన్ ఉంటుంది, క్రికెట్ ఉంటుంది. మీకు ఇల్లూ, పిల్లా. అక్కడ ఎక్కువమంది బెంగాలీవాళ్లు. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లకి 1950ల్లో ప్రభుత్వం భూములిచ్చి ఆ దీవిలో పెట్టింది. ఇప్పుడున్నది వాళ్ల పిల్లలూ మనవలూ. వరి పొలాలు, వక్క తోటలు, కొబ్బరి తోటలు. రిసార్టుల్లో పనిచేసేవాళ్లు ఏడాదిలో వెళ్లిపోతారని వాళ్లకి తెలుసు. అందుకని మొదట్లో పలకరింపు అంతంతమాత్రమే. నేను మా ఇంటి వెనకావిడ దగ్గర రోజూ గుడ్లు కొనేదాన్ని. నాకు వచ్చిన హిందీ అంతంతే, ఆవిడదీ అంతే. ఒకరోజు సాంబారు పట్టుకెళ్లి ఇచ్చాను. మర్నాడు గిన్నె ఖాళీగా రాలేదు, ఆవపెట్టిన చేప కూర వచ్చింది. అక్కణ్ణుంచి మా వాడు ఆవిడని దీదా (అమ్మమ్మ) అని పిలుస్తూ సగం రోజు అక్కడే ఉండేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి వాడు నాకు బెంగాలీ తర్జుమా చేసేవాడు. సరస్వతీ పూజకి, దుర్గా పూజకి పిలుస్తారు, తప్పకుండా వెళ్లండి. అందుకే ఇల్లు మనుషుల మధ్య తీసుకోమన్నది. ఎదురుగా సముద్రం ఉంటే వారం చూస్తారు, ఎదురుగా మనిషి ఉంటే రెండేళ్లు గడుస్తాయి.

పోరూరు నాన్న:

ఉప్పుగాలి గారు బాగా రాశారు కానీ నేను ఒప్పుకోను. పిల్లికూతలున్న మూడేళ్ల పిల్లని పెద్దాసుపత్రి లేని చోటికి తీసుకెళ్లడం ఎందుకండీ? ఆయన ఒక్కరే ముందు ఆర్నెల్లు వెళ్లి రావాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ విమానం రెండు గంటలేగా, నెలకోసారి వచ్చిపోవచ్చు. ఉద్యోగరీత్యా నేనూ కొన్నాళ్లు ఫ్యామిలీని ఇక్కడే ఉంచి తిరిగాను, ఏమీ మునిగిపోలేదు. జీతం పెరుగుతోందని పిల్ల ఊపిరితో ప్రయోగం చేయకండి.

హద్దో కుర్రాడు:

నేను పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్‌లోనే, ఇప్పుడు ఉద్యోగం అంబత్తూరులో. మా తాతగారిది శ్రీకాకుళం జిల్లా, వైజాగ్ ఓడెక్కి వచ్చినవాళ్లు. అండమాన్‌లో తెలుగువాళ్లుంటారా అని అడిగేవాళ్లకి నేనెప్పుడూ ఈ లెక్క చెప్తుంటాను: 2011 జనగణనలో దీవులన్నీ కలిపి జనాభా 3.8 లక్షలు, అందులో మాతృభాష తెలుగని రాయించుకున్నవాళ్లు 13 శాతం పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మీడియం ప్రభుత్వ బడి కూడా ఉంది. హావ్‌లాక్‌లో మనవాళ్లు తక్కువ, కానీ నెలకోసారి పోర్ట్ బ్లెయిర్ వచ్చారంటే తెలుగు మాటకీ గోంగూరకీ లోటుండదు మేడమ్.

సామాను సంగతి. విమానంలో కాపురం మొత్తం తీసుకెళ్లలేరు. చెన్నై హార్బర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ ఉంది, సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. రోజూ ఉండదు, నెలలో కొన్నిసార్లే. తేదీలు కూడా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. బంక్ క్లాసు చవక, కుటుంబంతో అయితే క్యాబిన్ తీసుకోవాలి. నా సలహా, మీరూ పాపా విమానంలో వెళ్లండి. సార్‌ని ఓడలో సామానుతో పంపండి. అలవాటు లేనివాళ్లకి మొదటి రోజంతా వాంతులే, అది ఆయనే పడతారు. పోర్ట్ బ్లెయిర్‌లో దించాక మళ్లీ సామాను పడవ మీద హావ్‌లాక్‌కి చేర్చాలి. రెండుసార్లు ఎత్తిదించే సరుకు కాబట్టి గాజుసామాను, పెద్ద బీరువాలు వద్దు. అట్టపెట్టెలు తడిస్తే చినిగిపోతాయి, మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు కొనండి. ప్యారిస్ కార్నర్ సందుల్లో బాగా దొరుకుతాయి. తర్వాత వాటిలోనే బియ్యం పోసుకోవచ్చు, ఎండాకాలంలో నీళ్లూ పట్టుకోవచ్చు. ఫిబ్రవరి దాటితే అక్కడి బావులు అడుగంటుతాయి, ఆ సంగతి అక్క రాయలేదు.

పోరూరు సార్, విమానం రెండు గంటలే గానీ హావ్‌లాక్ నుంచి పోర్ట్ బ్లెయిర్ పడవ, మళ్లీ ఆ టైముకి విమానం, రెండూ కుదరాలి. సీజన్‌లో పడవ టికెట్టే దొరకదు, వానల్లో దొరికినా కదలదు. నెలకోసారి ఇంటికి అన్నది కాగితం మీదే.

కొళత్తూరు కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మావారికి చదివి వినిపిస్తే సముద్రం ఎదురుగా ఇల్లు అన్న చోట ఏమీ మాట్లాడలేదు. అప్పటికే ఒకటి చూసిపెట్టమన్నారట!

ఉప్పుగాలి గారూ, పోరూరు సార్ చెప్పిందే నన్ను పీకుతోంది. రాత్రిపూట పాపకి ఆయాసం ఎక్కువైతే ఏం చేస్తాం? సముద్రపు గాలి ఆస్తమాకి మంచిదని ఒకరు అంటారు, కాదని ఒకరు. నెట్ గురించి కూడా మీరు రాయలేదు. మా అత్తగారికి ఏం చెప్పాలో కూడా కాస్త చెప్పండి.

ఉప్పుగాలి:

పోరూరు అన్నయ్యగారి మాట కొట్టిపారేయను. పాపకి కిందటేడు ఆసుపత్రిలో చేర్చేంత ఆయాసం వచ్చి ఉంటే నేనూ వెళ్లొద్దనే అంటాను. ఎప్పుడూ ఇంట్లో మందుతోనే తగ్గిపోయిందంటే వేరే సంగతి. అది నేను గానీ ఆయన గానీ తేల్చేది కాదు, మీ పిల్లల డాక్టరు చెప్పాలి. వెళ్లి ఒక్కటి స్పష్టంగా అడగండి: "పెద్దాసుపత్రికి చేరడానికి ఒక రోజు పడుతుంది, అయినా తీసుకెళ్లొచ్చా?" సరేనంటే, ఎప్పుడు ఏ మందు ఎంత ఇవ్వాలో, ఏ లక్షణం కనబడితే ఆగకుండా బయల్దేరాలో కాగితం మీద రాయించుకోండి.

హావ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, డాక్టరు ఉంటారు, టీకాలు వేస్తారు. జ్వరాలకీ విరేచనాలకీ నాకు సరిపోయింది. అంతకు మించితే పోర్ట్ బ్లెయిర్‌లో జీబీ పంత్ ఆసుపత్రికి పంపుతారు. మరీ అత్యవసరమై డాక్టరు రాస్తే హెలికాప్టర్ కూడా వస్తుంది, కానీ గాలివానలో అదీ ఎగరదు. కాబట్టి ఆయాసం కొంచెంగా ఉన్నప్పుడే, చీకటి పడకముందే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. "రేపు చూద్దాం" అక్కడ పనికిరాదు.

నెబ్యులైజర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. దీవిలో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే, చెట్టు కొమ్మ పడినా పోతుంది. కరెంటు అక్కర్లేకుండా వాడేది స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), చిన్నపిల్లల మాస్కుతో ఇన్‌హేలర్. పాపకి అది నప్పుతుందేమో డాక్టర్ని అడిగి, ఇక్కడ ఉండగానే అలవాటు చేయండి. కొత్త చోట, అర్ధరాత్రి, టార్చిలైటు వెలుతురులో మొదటిసారి మాస్కు పెడితే ఏ పిల్లా ఊరుకోదు.

సముద్రపు గాలి మంచిదా చెడ్డదా అని చూడకండి, ఇంట్లో బూజు ఉందా లేదా అని చూడండి. గోడ బూజు, తడి పరుపు, వీటికే పిల్లికూతలు లేస్తాయి. దూది పరుపు తీసుకెళ్లొద్దు. ఇల్లు చూసేటప్పుడు మంచం పెట్టే గోడని చేత్తో తడిమి చూడమనండి. ఇంకోటి, దోమలకీ శాండ్‌ఫ్లైలకీ సాయంత్రం పూట కొబ్బరి పీచు కాల్చి పొగ పెడతారు. మీ పాపకి అది పడదు. పక్కింటివాళ్లకి ముందే మంచిగా చెప్పుకుంటే అటువైపు పెట్టుకుంటారు.

నెట్ ఇప్పుడు మేలు. ఒకప్పుడు అంతా శాటిలైట్ మీదే, మెయిల్ తెరుచుకునేలోపు కాఫీ పెట్టుకోవచ్చు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది, మొత్తం 2,300 కిలోమీటర్ల పైచిలుకు, హావ్‌లాక్‌కీ తగిలించారు. ఇప్పుడు వీడియో కాల్ బాగానే నడుస్తుంది. అయినా దీవి లోపల తీగ తెగినా, కరెంటు పోయినా అంతే సంగతులు. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టుకోండి, ఇంటికి ఇన్వర్టర్ ఉండేలా చూసుకోండి, ఇరవయ్యో తారీఖు రిటర్ను పదిహేడుకే పంపేయండి. మీ క్లయింట్లు పంతొమ్మిది రాత్రి బిల్లులు పంపే రకమైతే వాళ్లని ఇప్పట్నుంచే మార్చాలి, అది నెట్ కన్నా కష్టం.

మీ పాప వయసుకి అంగన్‌వాడీ ఉంది. తర్వాత ప్రభుత్వ బడి, సీబీఎస్‌ఈ సిలబస్. వెనక్కి వచ్చాక ఇక్కడ ఏ సీబీఎస్‌ఈ బడిలోనైనా చేర్చడానికి మాకు ఇబ్బంది కాలేదు.

అత్తగారికి సునామీ గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. 2004 డిసెంబరు 26న అండమాన్ నికోబార్‌లో బాగా దెబ్బతిన్నది నికోబార్ వైపు, కార్ నికోబార్, కచాల్ లాంటి దీవులు. హావ్‌లాక్ వాటికి చాలా ఉత్తరాన ఉంది. అదే రోజు మన మెరీనాలోనూ పోయారు, నాగపట్నంలో వేలమంది పోయారు. చెన్నైలో ఉన్నంత మాత్రాన సముద్రానికి దూరంగా ఉన్నట్టు కాదు కదా. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం నడుస్తోంది. అయితే భూకంపాలు అక్కడ మామూలే, చిన్నవి నాకూ తెలిశాయి, గిన్నెలు గలగలలాడతాయి. నిలబడలేనంతగా, చాలాసేపు ఊగితే మాత్రం ఫోను కోసం, హెచ్చరిక కోసం చూడకుండా పిల్లని ఎత్తుకుని మెరక మీదికి వెళ్లిపోవడమే. ఇల్లు తీసుకున్న మొదటి వారంలోనే ఆ దారి ఒకసారి నడిచి చూసుకోండి.

పోరూరు నాన్న:

డాక్టరు సరేనంటే నాకూ అభ్యంతరం లేదమ్మా. మొదటి వానాకాలం దాటేదాకా కొళత్తూరు ఇల్లు ఖాళీ చేయకండి. అద్దె దండగ అనిపించినా సరే.

కొళత్తూరు కోడలు:

అలాగే సార్. డాక్టరు అపాయింట్‌మెంట్ ఈ శనివారం తీసుకున్నాను. పాపకి ఇంతవరకూ ఆసుపత్రిలో చేరే పరిస్థితి రాలేదు. మావారు ఇల్లు చూడటానికి జూన్‌లో వెళ్తానంటున్నారు, వానలు కదా, జనవరి దాకా ఆగమందామా?

ఉప్పుగాలి:

ఆపకండి, జూన్‌లోనే వెళ్లనివ్వండి. జనవరిలో అక్కడ ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. జూన్‌లో చూస్తే పైకప్పు ఎక్కడ కారుతుందో, వాకిట్లో నీళ్లెంత నిలుస్తాయో, ఏ గోడ చెమరుస్తుందో అన్నీ కనబడతాయి. రేకుల కప్పయితే వాన పడేటప్పుడు లోపల కూర్చుని మీకు ఫోన్ చేయమనండి, ఆ చప్పుడులో క్లయింట్‌తో మాట్లాడగలరో లేదో మీకే తెలుస్తుంది. బట్టలు ఆరేసుకోవడానికి కప్పు ఉన్న వసారా ఉందో లేదో చూడమనండి, అది లేకపోతే ఎంత మంచి ఇల్లయినా వద్దు. బావి ఎండాకాలంలో ఎంత దిగుతుందని ఇంటివాళ్లని కాదు, పక్కింటివాళ్లని అడగాలి.

ఆయన వెళ్లే తేదీ ఖాయమయ్యాక చెప్పండి. గోవింద్‌నగర్‌లో అద్దెకిచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు తెలుసు, నంబర్లు విడిగా పంపిస్తాను.